పప్పు ఉడికే నీళ్లు

స్వరూప నవ్వు ఎలా ఉంటుందో కట్టుకున్నవాడికి కూడా సరిగ్గా తెలియదు. నవ్వు వచ్చేముందు ఆమెకు చెయ్యి లేస్తుంది. చేతిలోకి కొంగు వస్తుంది. కొంగు వెనక, చీకటి గదిలో దీపం వెలిగించి వెంటనే ఊదేసినట్టు, నవ్వు వెలిగి ఆరిపోతుంది.

మర్రిగూడ మండలంలో వాళ్లది ఊరి చివర మిట్ట మీద పారేసినట్టుండే వాడ. అక్కడ నేల కింద నీళ్లు తేటగా ఉంటాయి, కడిగిన అద్దంలా. ఆ తేటదనమే మోసం, లోపలంతా ఫ్లోరైడ్. పిల్లలకు పాలపళ్లు తెల్లగానే వచ్చి తెల్లగానే రాలిపోతాయి. వాటి వెనక వచ్చేవి తుప్పు పట్టిన రేకు ముక్కల్లా, చారలు చారలుగా, మట్టి రంగులో వస్తాయి. గార పండ్లు అంటారు. గోడకు పట్టిన గారను గీకితే రాలుతుంది. పంటికి పట్టింది మనిషితో పాటే పోతుంది.

బడిలో ఉన్నప్పుడు ఆగస్టు పదిహేనుకు పాట పాడటానికి సార్లు ఆమె గొంతును ఎంచుకున్నారు, మనిషిని మాత్రం వెనక వరుసలో నిలబెట్టారు. ముందు నిలబడిన పిల్ల ఉత్త పెదవులు ఆడించింది. చప్పట్లన్నీ ఆ పెదవులకే పడ్డాయి. ఏడో తరగతితో స్వరూప బడి మానేసింది. ఆమె బాపుకు మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే తలుపు రెక్కలా మనిషి మొత్తం తిరుగుతాడు. వాళ్ల ఇంట్లో ఇదొక జబ్బని ఎవరూ అనుకోలేదు. ఎండ ఎలాగో ఇదీ అలాగే అనుకున్నారు.

తెలంగాణ వచ్చాక ఊరికి పైపులు వచ్చాయి. కృష్ణ నీళ్లు వస్తాయన్నారు, ఊరి నడుమ దాకా వచ్చాయి కూడా. మిట్ట ఎక్కి ఈ వాడకు చేరేసరికి మాత్రం పైపు గాలిని మోసుకొచ్చేది. నల్లా తిప్పితే లోపల ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడయ్యేది. అందరూ మళ్లీ బోరింగు దగ్గరికే నడిచేవాళ్లు.

బళ్లు తెరిచే జూన్ నెల మొదట్లో ఆమె కూతురు మనీష పరుగెత్తుకొచ్చి నోరు తెరిచి చూపించింది. ముందటి పాలపన్ను ఊగుతోంది. పిల్ల దాన్ని నాలుకతో ముందుకూ వెనక్కూ ఊపుతూ ఆడుకుంటోంది. స్వరూపకు మాత్రం ఆ ఊగుతున్న పన్ను వెనక, చిగురు కింద, ఇంకా రంగు తేలని మరో పన్ను కనిపించింది. దావత్‌కు పిలవని చుట్టంలా అది తలుపు దగ్గర కాచుకొని ఉంది. ఆ రోజే ఆమె భర్త ఎల్లేష్‌కు ఫోన్ చేసింది. అతను నల్లగొండలో కొత్త ఇళ్ల గోడలకు సిమెంటు పూస్తాడు, కడుతున్న ఇళ్లలోనే పడుకుంటాడు.

"గీ నీళ్లు నా బిడ్డ ఇగ తాగది. ఆడ ఇల్లు చూడు. మంచి బడి పక్కన చూడు," అంది.

"మంచి బడి పక్కన కిరాయిలు మనకందుతయా?" అన్నాడు ఎల్లేష్.

"అందే జాగల మంచి బడి ఎక్కడున్నదో నేనే చూస్త."

మరునాటి నుంచి పొద్దున బస్సెక్కి నల్లగొండకు వెళ్లడం, పొద్దు గూకేసరికి తిరిగి రావడం ఆమెకు పనైపోయింది. ఎల్లేష్ చెప్పిన కిరాయిలను బట్టి ఒక్కో గల్లీకి వెళ్లేది. కానీ ముందు ఇంటికి వెళ్లేది కాదు, బడికి వెళ్లేది. ఇంటర్వెల్ గంట కొట్టేదాకా గోడ పక్కన నిలబడేది. పిల్లలు బయటికి ఉరికొచ్చి నవ్వుతారు కదా, ఆ నోళ్లలోకి చూసేది. పళ్లు తెల్లగా ఉంటే అక్కడ నీళ్లు మంచివి. ఒక సారో టీచరో పిల్లల మధ్య కనిపిస్తే బడి మంచిది. ఆమెకు తెలిసిన లెక్క ఇంతే.

మొదట చూసిన చోట కిరాయి తక్కువే కానీ బడి గోడకు ఆనుకొని వైన్ షాపు ఉంది. ఇంకోచోట పిల్లలకు టైలు, బెల్టులు, పసుపుపచ్చ బస్సు. ఫీజు అడిగితే గుమాస్తా ఆమె చెప్పుల వైపు చూశాడు. మూడోచోట బడీ కుదిరింది, గదులూ కుదిరాయి. స్వరూప మంచినీళ్లు అడిగింది. వాళ్ల దిక్కున కొత్త ఊరి నీళ్లు ఎవరూ వెంటనే మింగరు. పుక్కిట పట్టి, నాలుక కింద తిప్పి, రుచి తెలిశాకే మింగుతారు. ఆ నీళ్లు నాలుక మీద ఆమె ఊరి నీళ్లలాగే జారాయి. గోడవారన ఊసేసింది.

"మా ఇంటి నీళ్లు ఊంచుతవా? దయ్యమేమన్న కలిపినమా అండ్ల?" అని ఇంటామె గేటు వేసేసింది.

మిగిలిన ఇళ్లలో అన్నీ ప్రశ్నలే. ఎంతమంది ఉంటారు, ఏం పని, కూర ఏం వండుతారు, చుట్టాలు ఎన్నాళ్లుంటారు, ఇంటిపేరేమిటి. ప్రతి ప్రశ్నకూ ఆమె నోరు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ ఎదుటి కళ్లు ఆమె కళ్ల మీద నుంచి జారి పళ్ల మీద ఆగేవి. ఆ తరువాత ఇల్లు ఖాళీ లేదనేవాళ్లు. పట్నంలో ఇన్ని తాళాలు వేసిన ఇళ్లుండి ఒక్కటీ ఖాళీ లేకపోవడం ఆమెకు వింతగా తోచింది. కొన్నాళ్లకు వింత పోయి కోపం మిగిలింది. ఎదురొచ్చే ప్రతి గేటునూ ఆమె తిట్టుకుంటూ నడిచేది, పెదవులు కదలకుండా.

అలా నడుస్తూ నడుస్తూ పానగల్ వెళ్లే దారిలో కృష్ణవేణి కాలనీకి చేరింది. అక్కడ సర్కారు ప్రాథమిక పాఠశాల ఉంది. రంగు వెలిసిన గోడ, వరండా, వరండాలో చాప మీద పిల్లల మధ్య కూర్చున్న రఘుపతి సారు. ఒక పిల్ల పాఠం చదువుతూ తడబడితే సారు చెప్పలేదు, పక్క పిల్ల చెప్పింది. అందరూ నవ్వారు, తడబడిన పిల్ల కూడా. గోడ మీది నుంచి స్వరూప చూసింది. పగటి వెలుతురులో విచ్చిన మల్లెల్లా ఉన్నాయి ఆ నోళ్లు. వరండా చివర మధ్యాహ్న భోజనం వండే ఆమె పప్పు పొయ్యి మీద పెట్టి, బియ్యం కడిగి వచ్చేసరికే పప్పును తెడ్డుతో మెదుపుతోంది. స్వరూప ఇంకేమీ చూడదలుచుకోలేదు, ఉంటే ఇక్కడే అనుకుంది.

బడికి ఎదురుగా ఒక ఇంటి గేటుకు కిరాయి బోర్డు వేలాడుతోంది. ఇంటామె లక్ష్మీనర్సమ్మ. ఆరు పదులకు దగ్గర పడిన మనిషి, మొగుడు పోయాడు, వెనక భాగంలో రెండు గదులు కిరాయికి ఇస్తుంది. నోట్లో పళ్లు ముగ్గుపిండితో గీసినట్టు తెల్లగా, ఒక్క తీరుగా ఉన్నాయి. మాట కూడా అంతే ఒక్క తీరుగా, టీవీలో వార్తలు చదివినట్టు ఉంది. గదులు చూపించింది. గచ్చు బాగుందని, గాలి వస్తుందని, ఇక్కడ అందరూ ఉద్యోగస్తులే ఉంటారని చెప్పింది.

"నీళ్లు ఎట్లనమ్మా? నల్లానా, బోరా?" అని స్వరూప అడిగింది.

"నల్లానే. మా నీళ్లల్ల పప్పు ఇట్లేస్తె అట్ల ఉడుకుతది," అంది లక్ష్మీనర్సమ్మ.

అని, ఒక్క క్షణం తన మాట తనకే గుచ్చుకున్నట్టు ఆగింది. లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. స్వరూప పుక్కిట పట్టింది. నాలుక కింద తిప్పింది. ఏమీ లేదు. ఉప్పు లేదు, జారుడు లేదు. చప్పగా, చల్లగా, ఎవరి మీదా పగ లేని నీళ్లు. కళ్లు మూసుకొని మింగింది. కళ్లు తెరిచేసరికి లక్ష్మీనర్సమ్మ ఆమె గొంతు వైపే చూస్తోంది. అంతదాకా తెరిచి ఉన్న మొహం తలుపు వేసినట్టు మూసుకుపోయింది.

"మా చుట్టాలకు మాటిచ్చాను. వేరేచోట చూసుకోండి," అంది. స్వరూప బతిమాలింది. చుట్టాలు రాకపోతేనైనా ఇమ్మంది. లక్ష్మీనర్సమ్మ గ్లాసు తీసుకొని, నల్లా కింద పెట్టి, ఆమె చూస్తుండగానే బూడిద వేసి తోమింది. "మీలాంటివాళ్లను ఇంట్లో పెట్టుకుంటే ఈ గల్లీలో నాకేం మర్యాద ఉంటుంది?"

వెనక్కి వెళ్లే బస్సులో కిటికీ అవతల పత్తి చేలు దుమ్ములో వెనక్కి పారుతుంటే స్వరూపకు ఆ మాటలే తిరిగాయి. తిట్టు కాదు, అంతకుముందు మాట. ఎన్ని ఇళ్లు చూసింది! ఒకామె టైల్స్ చూపించింది, ఒకామె బాత్రూమ్ చూపించింది, ఒకాయన బండి పెట్టుకునే జాగా చూపించాడు. నీళ్లలో పప్పు ఉడుకుతుందని పట్నంలో ఎవరు చెప్తారు? ఉడకక ఏమవుతుంది వాళ్లకు? పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు పొద్దెక్కినా కంకరలా గలగలమనే ఊళ్లో పుట్టినవాళ్లకే ఆ మాట నోటికొస్తుంది. ఆ ముగ్గుపిండి పళ్లు గుర్తొచ్చాయి. అంత ఒక్క తీరుగా దేవుడు పెట్టడు, డాక్టర్ పెడతాడు. స్వరూప కొంగు అడ్డం పెట్టుకుంది. వచ్చింది నవ్వు కాదు.

మరునాడు మనీషను వెంటబెట్టుకొని మళ్లీ వెళ్లింది. బోర్డు ఇంకా గేటుకే ఉంది. ఇంటర్వెల్ అయ్యాక ఇంటామెను అడుగుదామని, కూతురికి బడి చూపిస్తూ గోడ దగ్గర నిలబడింది.

ఆ ఏడు ఎండాకాలం నుంచీ ఫోన్లలో ఒక వార్త తిరుగుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఊళ్లలో దిగారని, ఆడవాళ్లు కూడా ఉన్నారని. ఎవరూ చూడలేదు, అందరూ నమ్మారు. లక్ష్మీనర్సమ్మ పక్కింటి మంజులత, ఇద్దరు పిల్లల తల్లి, ముందు బయటికొచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. రఘుపతి సారు ఆ రోజు ఏదో మీటింగుకు వెళ్లాడు, గంట కొట్టే మనిషి గేటు మూసేశాడు.

"నిన్న సూసిన, ఇయ్యాల సూస్తున్న. పిల్లల నోట్లకు ఏం సూస్తున్నవమ్మా నువ్వు?" అంది మంజులత.

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇల్లు చూడటానికొచ్చానంది. ఇల్లు చూసేవాళ్లు గోడెక్కి పిల్లల్ని చూస్తారా అని ఎవరో అన్నారు. ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. మంజులత మనీష రెక్క పట్టుకొని నీ పేరేమిటని అడిగింది. మనీష పెదవులు బిగించింది. మీ ఊరేదని అడిగింది. పిల్ల ఇంకా బిగించింది. కొత్తవాళ్ల ముందు నోరు తెరవకూడదని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది.

"సొంత తల్లైతే పిల్ల మాట్లాడదేంది? ఎక్కడ్నుంచి ఎత్కొచ్చినవ్?"

ఎవరో కొంగు లాగారు. నోరు బయటపడింది. గుట్కా నమిలే మొహమని ఒకరన్నారు. మన దిక్కు మనిషే కాదని ఒకరన్నారు. ఆమె పుట్టిన ఊరు అక్కడికి బస్సులో రెండు గంటల దూరం, ఇదే జిల్లా, ఇదే ఎండ. ఎవరి చెయ్యో ఆమె భుజం మీద పడింది. ఇంకొక చెయ్యి పడితే ఇక మాటలుండవని ఆమెకు తెలిసింది. మనీష చెయ్యి ఇంకా మంజులత పిడికిట్లోనే ఉంది.

ఎదుటి గేటు తీసుకొని లక్ష్మీనర్సమ్మ వచ్చింది. ఈమె మీ ఇంటికి వచ్చిందట, మీకు తెలిసిన మనిషేనా అని మంజులత అడిగింది.

"నాకు తెలియదు," అంది లక్ష్మీనర్సమ్మ, టీవీ గొంతుతో. ఆ మాటతో గుంపు ఒక అడుగు దగ్గరికి జరిగింది.

స్వరూప ఏడవలేదు. భుజం మీది చేతిని తోసేసి నేరుగా లక్ష్మీనర్సమ్మ దగ్గరికి నడిచింది. మొహంలో మొహం పెట్టి, ఆమెకు తప్ప ఇంకెవరికీ వినపడనంత నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, మీ తల్లిగారి ఊళ్లె పప్పు ఎంతసేపటికి ఉడుకుతుండె?"

లక్ష్మీనర్సమ్మ చూపు మంజులత వైపు మళ్లింది.

"నా నోరు అందరు సూసిండ్రు. నాదింక దాసేది లేదు. నేను గట్టిగ అడిగితే మీది సూస్తరు."

ముసలామె చెయ్యి పైకి లేచింది. చేతిలోకి కొంగు వచ్చింది. కొంగు నోటి మీదికి వెళ్లింది. పళ్లు మార్చుకొని ఎన్నేళ్లయిందో కానీ చెయ్యి మాత్రం పాత పళ్లనే కాపలా కాస్తోంది. స్వరూప ఆ చేతిని చూసింది. తన చెయ్యినే అద్దంలో చూసినట్టుంది. జాలి రావాల్సింది. రాలేదు.

"విడవండి ఆమెను. మా కిరాయిదారు," అంది లక్ష్మీనర్సమ్మ.

ఇప్పుడే తెలియదన్నారు కదా అని మంజులత నిలదీసింది. ఎండకు చూపు ఆనలేదని లక్ష్మీనర్సమ్మ జవాబిచ్చింది. కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గుంపు వెళ్లిపోలేదు, పల్చబడింది. ఎవరూ తప్పయిందని అనలేదు. మంజులత పిల్ల రెక్క వదిలి, ముట్టుకున్న చేతిని చీరకు తుడుచుకుంది.

గేటు లోపలికి వచ్చాక లక్ష్మీనర్సమ్మ బోర్డు విప్పి స్వరూప చేతికిచ్చింది.

"నోరు మూసుకొని ఉంటేనే ఇల్లు."

"నోరు మూసుకునుడు నాకు నేర్పాల్నా?" అంది స్వరూప.

సామాన్లు ఎల్లేష్ ఒక్క ట్రాలీ ఆటోలో తెచ్చేశాడు. ఇల్లు ఎలా దొరికిందని అడిగితే ఆమె చెప్పలేదు. మొదటి రోజు పొద్దున లేవగానే, ఊళ్లో లాగే, పప్పు పొయ్యి మీద పెట్టి మనీషను బడిలో చేర్పించడానికి వెళ్లింది. రఘుపతి సారు పేరు రాసుకొని, పిల్ల ఏమీ మాట్లాడకపోయినా ఏమీ అనకుండా, చాప మీద ముందు కూర్చోబెట్టాడు. స్వరూప కాసేపు అక్కడే నిలబడిపోయింది. తిరిగి వచ్చేసరికి గల్లీ అంతా మాడు వాసన. లక్ష్మీనర్సమ్మ పొయ్యి ఆర్పి, నల్లగా అంటుకున్న గిన్నెను వాకిట్లో విసిరేసి నిలబడి ఉంది.

"ఇక్కడ పప్పును పొద్దంతా ఉడికించరే, మొద్దు మొహమా. పొయ్యి దగ్గరే ఉండాలి," అంది.

మంజులత గోడ మీది నుంచి చూస్తూ, పల్లెటూరోళ్లకు వంట కూడా రాదా అంది. గిన్నె ఎందుకు మాడిందో ఆ గల్లీలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. స్వరూప మళ్లీ పప్పు పెట్టి, ఈసారి అక్కడే కూర్చొని ఉల్లిగడ్డ కోసింది. కోయడం అయ్యేలోపే పప్పు మెత్తబడింది. కళ్లు కారుతుంటే నేరం ఉల్లిగడ్డ మీద వేసింది.

ఆ తరువాత నెలలు ఆ ఇంట్లో సంధి లేని కాపురంలా గడిచాయి. బట్టలు ముందు వైపు ఆరేయొద్దు, వాకిలి మధ్యలో నడవొద్దు, గేటు చప్పుడు చేయొద్దు. లక్ష్మీనర్సమ్మ చీపురుతోనూ గిన్నెలతోనూ మాట్లాడినట్టు ఇవన్నీ గాలికి చెప్పేది. గల్లీ ఆడవాళ్లు స్వరూప ఎదురైతే పిల్లల్ని దగ్గరికి లాక్కునేవాళ్లు, అలవాటు కొద్దీ. నల్లా ఏ తెల్లవారుజామున వస్తుందో ఎవరూ చెప్పేవాళ్లు కారు. అయితే నల్లా వచ్చిన ప్రతిసారీ గోడ అవతల లక్ష్మీనర్సమ్మ గదిలోంచి చెంబుతో ఠంగుమని ఒక దెబ్బ వినిపించేది. ఆ దెబ్బ ఎందుకని స్వరూప అడగలేదు. బిందె పట్టుకొని లేచేది.

మనీష పాలపన్ను బడిలో ఊడింది. కాగితంలో చుట్టి తెచ్చింది. ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలి కదా, కొత్త పన్ను తిన్నగా రావాలని. నా స్లాబు మీద పేడ పడితే ఊరుకోనని లక్ష్మీనర్సమ్మ లోపలి నుంచే కేకేసింది. స్వరూప పేడ లేకుండా ఉత్త పన్నునే విసిరింది. స్లాబు మీద అది బియ్యపు గింజంత చప్పుడు చేసింది.

బతుకమ్మ పండుగ దాటాక చిగురు చీల్చుకొని కొత్త పన్ను కనిపించింది. రోజూ పొద్దున స్వరూప కూతురి మొహం కిటికీ వైపు తిప్పి చూసేది. కొంచెం కొంచెంగా, మొగ్గ విచ్చినంత నెమ్మదిగా వచ్చింది. తెల్లగానే. ఒక అంచున మాత్రం సుద్దముక్క తగిలినంత మచ్చ, ఊరి చివరి సంతకం. ఒకరోజు వాకిట్లో ఆడుకుంటున్న మనీషను లక్ష్మీనర్సమ్మ గడ్డం పట్టి ఆపింది. ఎండలోకి తిప్పింది. పెదవిని బొటనవేలితో పైకెత్తి, చాలాసేపు, దాచుకున్న నగ తూకం సరిచూసుకుంటున్నట్టు చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున కిరాయి పెంచుతున్నానంది.

స్వరూప వాకిట్లోకి వచ్చింది. "ఎందుకు పెంచుతవ్? గోడకు సున్నమన్న ఎయ్యలె."

"నీ బిడ్డ నోట్లె సూస్కో ఎందుకో."

"కిరాయి ఇంటికా, నీళ్లకా?"

"నీళ్లకే. ఇంటికైతే నిన్ను రానిచ్చెదెవరే?"

"కృష్ణలకెల్లి బిందెతోని నువ్వు మోస్కొచ్చినవా ఆ నీళ్లు?"

"మోస్తుంటినే. నీ అసొంటి దాన్నే, నీ కంటె చిన్నప్పటి సంది మోసిన, మైళ్లకు మైళ్లు. గప్పుడేడున్నవ్ నువ్వు?"

టీవీ గొంతు ఎక్కడో జారిపడింది. లక్ష్మీనర్సమ్మ నోట్లో నుంచి ఎన్నేళ్ల కిందటో తాళం వేసిన మాటలు, మర్రిగూడ దిక్కు దుమ్ముతో సహా, బయటికి ఉరికాయి. ఆమె గట్టిగా అరిస్తే కట్టుడు పళ్లు ఒకదాని మీద ఒకటి టకటకలాడాయి. గోడల మీదికి గల్లీ ఆడవాళ్ల తలలు లేచాయి. ఈమె గిట్ల మాట్లాడుతదా అని మంజులత పక్కామెను అడిగింది. స్వరూప కొంగు భుజం మీది నుంచి జారి నేల మీద పడి ఉంది. తియ్యలేదు. ఆమె చేతులు రెండూ నడుము మీద ఉన్నాయి. నోరు నిండా తెరిచి, గార పళ్లన్నీ గల్లీకి కనబడేలా, కిరాయి పైసా పెంచేది లేదని అరిచింది.

మెట్ల మీద మనీష బడి సంచి ఒళ్లో పెట్టుకొని చెంబులో నీళ్లు తాగుతోంది. ఇద్దరి అరుపులకు ఆమెకు ఆపుకోలేని నవ్వొచ్చింది. నీళ్లు ముక్కులోకి పోయి దగ్గుతూ, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి, పెద్దగా నవ్వింది.

ఇద్దరూ ఒక్కసారే ఆగి ఆ నోటి వైపు చూశారు.

తరువాత లక్ష్మీనర్సమ్మే ముందు తగువు అందుకుంది, ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే.